స్టీమ్ డెక్ ఓలెడ్ కొనాలా, ఆలై ఎక్స్ కొనాలా?

అందరికీ నమస్తే, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పరికరం ఒకటి కొనాలనుకుంటున్నాను, ఒక సలహా కావాలి. నా గేములన్నీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లోనే ఉన్నాయి కాబట్టి నింటెండో వాళ్ల స్విచ్ 2 వద్దనుకున్నాను, అందులో అన్నీ మళ్లీ కొనాలి. ఇక మిగిలినవి స్టీమ్ డెక్ ఓలెడ్, ఏసస్ ఆలై ఎక్స్.

నా మనసు డెక్ మీదే ఉంది. 7.4 అంగుళాల స్క్రీన్‌లో రంగులు చాలా బాగుంటాయి, నిద్రపుచ్చి లేపితే గేమ్ ఆగిన చోటే మొదలవుతుంది. రైలు ప్రయాణాల్లో ఆడుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇండియాలో నేరుగా అమ్మదు. పాడైతే వారంటీ ఎలా అన్నదే టెన్షన్.

ఆలై ఎక్స్ ఇక్కడే దొరుకుతుంది. బ్యాటరీ 80 వాట్-అవర్లు, డెక్‌ది 50. కాకపోతే అంత చిన్న స్క్రీన్ మీద విండోస్‌తో వేగాలి.

బయటి నుంచి డెక్ తెప్పించుకున్నవాళ్లు రిపేరు ఎక్కడ చేయించారు? ఆలై ఎక్స్‌లో స్లీప్ సరిగ్గా పనిచేస్తోందా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.