తీర ప్రణాళిక ముసాయిదాపై అభ్యంతరం ఎలా రాయాలి? (చెన్నై)

తిరువొత్తియూర్ నివాసి:
నమస్కారం. తీర మండల నిర్వహణ ప్రణాళిక ముసాయిదాపై జరిగిన అభిప్రాయ సేకరణకు మా వీధివాళ్లతో కలిసి వెళ్లాను. గోడకు తగిలించిన పటం ఇంగ్లీషులో ఉంది. నలభై ఏళ్లుగా వేటకు వెళ్తున్న మా పక్కింటి పెద్దాయన దాని దగ్గర నిలబడి, తమ పడవలు ఒడ్డుకు లాగే చోటు, ఆడవాళ్లు చేపలు ఎండబెట్టే చోటు ఎక్కడున్నాయా అని వేలితో వెతికారు. అక్కడంతా ఖాళీ ఇసుకగానే చూపించారు. ఇంకోసారి వెతికి, "ఇందులో మనం లేమయ్యా" అంటూ వచ్చి కూర్చున్నారు. మేము రాసిచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చకుండా ఉండాలంటే ఎలా రాయాలి? ఒడ్డు వరకే పరిమితం కావాలా, సముద్రంలో వేట సాగే చోట్ల గురించి కూడా అడగవచ్చా?

రాయపురం, విశ్రాంత ఉద్యోగి:
దయచేసి విన్నపంలా రాయకండి. మత్స్యకార గ్రామాలు, వారి ఉమ్మడి స్థలాలు, పడవల రేవులు, ఐసు ఫ్యాక్టరీలు, చేపలు ఎండబెట్టే స్థలాలు గ్రామ సర్వే పటాల స్థాయిలో గుర్తించాలని 2011 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) ప్రకటనలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 ప్రకటనలోనూ స్పష్టంగా ఉంది. చేపలు పట్టే ప్రాంతాలను, అవి గుడ్లు పెట్టి పెరిగే చోట్లను కూడా గుర్తించాలి. సీఆర్‌జెడ్ పరిధి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దూరం నీటిలోకి ఉంటుంది కనుక సముద్రం గురించి అడగడం మీ హక్కు.

మీరు చూసినది బహుశా 1:25,000 పటం అయి ఉంటుంది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. 50 మీటర్ల వెడల్పున్న పడవల రేవు అందులో రెండు మిల్లీమీటర్లే అవుతుంది. కాబట్టి పెద్ద స్కేలు పటాలు చూపించిన తరువాతే అభిప్రాయం తీసుకోవాలని మొదటి పేరాలోనే అడగండి. ఆపైన పెద్దాయనతో కలిసి ఒడ్డు వెంట నడిచి, ప్రతి చోటుకూ ఫోనులో అక్షాంశ రేఖాంశాలు, ఒక ఫొటో, ఏ నెలల్లో ఎన్ని పడవలు వాడతాయన్న వివరం నమోదు చేసి జతపరచండి.

పులికాట్ నుంచి:
పై సలహా సరైనదే కానీ, వేట చోట్లను చుక్కలుగా పెట్టకండి. చేపలు దొరికే రాతి పార్లు (సముద్రం అడుగున ఉండే రాతి దిబ్బలు) ఎక్కడున్నాయో మావాళ్లు ఒడ్డున ఉన్న గోపురాన్నీ, చెట్టునూ గురుతుగా పెట్టుకొని తెలుసుకుంటారు. అవి తరతరాలుగా దాచుకున్న సంగతులు, ఒకసారి పటంలోకి ఎక్కితే పెద్ద పడవలవాళ్లకూ తెలిసిపోతాయి. విశాలమైన ప్రాంతంగా చూపితే చాలు. తమిళనాడు 1983 సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రకారం ఒడ్డు నుంచి ఒక హద్దు వరకు మరపడవలు వేటాడరాదు కనుక ఆ హద్దును తప్పక ప్రస్తావించండి.

మా సరస్సులో పాడు పద్ధతి ఉంది: ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో ఊరే వంతుల ప్రకారం నిర్ణయిస్తుంది. ఇటువంటి ఏర్పాటు గీతల్లో కనిపించదు కాబట్టి దాన్ని మాటల్లోనే రాయాలి.

ఇంకొక మాట. ఉదయం పదకొండు గంటలకు సమావేశం పెడితే చేపలమ్మే ఆడవాళ్లు బజారులో ఉంటారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగండి.

తిరువొత్తియూర్ నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం తెల్లవారుజామున పడవలు తిరిగొచ్చే వేళకే నడక మొదలుపెడతాం. చేపలు ఎండబెట్టే చోటు కొలతలు పక్కింటి పెద్దమ్మనే చెప్పమని అడిగాను. ముందు ఆమె సంతకం, ఆ తరువాతే మా సంతకాలు.