రొములస్: ఉపజాతి పేరా, ఆడ సీతాకోకచిలుక రూపం పేరా?

ప్రశ్న

మా పెరట్లోని కరివేపాకు చెట్టుపై కనిపించిన గొంగళిపురుగులను కొన్నింటిని ఈ వర్షాకాలంలో పెంచాను. మొదట పక్షి రెట్టలా కనిపించి, తరువాత పచ్చగా మారి, తాకితే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల వంటి అవయవాన్ని చాచి ఘాటైన వాసన వదిలాయి కనుక ఇవి కామన్ మార్మన్, అంటే పాపిలియో పాలిటెస్, పురుగులేనని పోల్చుకున్నాను. అయితే వెలువడిన ఆడవాటిలో ఒకటి అచ్చం మగదానిలా, వెనుక రెక్కలపై తెల్ల మచ్చల వరుసతో ఉంది. మరొకటి ముందు రెక్కలపై తెల్లని పట్టీలతో, వెనుక రెక్కలపై ఎర్రని మచ్చలతో క్రిమ్సన్ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుకను పోలి ఉంది. రొములస్ అనేది మన దేశపు ఉపజాతి అని ఒకచోట, ఆడదాని రూపం అని మరొకచోట చదివాను. ఒకే చెట్టుపై రెండు ఉపజాతులు పెరిగాయని అనుకోవాలా?

సమాధానం 1

లేదండీ, మీ దగ్గర పెరిగినవన్నీ ఒకే ఉపజాతి. ఉపజాతి అంటే ఒక ప్రాంతానికి చెందిన సమూహం. రూపాలు మాత్రం ఒకే ఊళ్లో, ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుంచి కూడా రావచ్చు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పాలిటెస్‌కు పేరు పెట్టగా, 1775లో డచ్ కీటక శాస్త్రవేత్త క్రామర్ రొములస్‌ను వేరే జాతిగా వర్ణించాడు. ఇంత భిన్నంగా కనిపించే ఆడవి ఒకే జాతివని 1865లో ప్రచురితమైన వ్యాసంలో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ వివరించాడు. భారతదేశం, శ్రీలంకలలోని ఉపజాతికి ఆ పాత పేరే నిలిచింది, క్రిమ్సన్ రోజ్‌ను అనుకరించే ఆడదానికీ అదే పేరు వాడుకలో ఉండిపోయింది. మీ అయోమయానికి మూలం ఇదే. మగదానిలా ఉండే ఆడదాన్ని సైరస్ రూపమనీ, కామన్ రోజ్ అనే మరో జాతిని అనుకరించేదాన్ని స్టిఖియస్ రూపమనీ అంటారు.

సమాధానం 2

ఇంత పెద్ద తేడాను నడిపించేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని సీతాకోకచిలుకల పరిశోధకుడు కృష్ణమేఘ్ కుంటే బృందం 2014లో చూపింది. నాకు ఎంతో అబ్బురంగా తోచే విషయమిది, ఎందుకంటే కీటకాలలో ఆడ, మగ తేడాలను నిర్ణయించే జన్యువు కూడా అదే. ఆ జన్యువుకు అనుకరణ రూపాన్నిచ్చే నకలు ఒక్కటి ఉన్నా చాలు, ఆడది ఆ రూపంలోనే వస్తుంది. మగదానిలో అది ఉన్నా పైకి కనిపించదు. గాడిదగడపాకు, ఈశ్వరి వంటి మొక్కలను తిని పెరిగే రోజ్ సీతాకోకచిలుకల ఒంట్లో ఆ మొక్కల విషం నిలుస్తుంది కాబట్టి పక్షులు వాటిని వదిలేస్తాయి. కరివేపాకు, నిమ్మ తిని పెరిగే మార్మన్‌కు ఆ విషం లేదు, వేషం మాత్రమే ఉంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. మరి తోటలో ఎగురుతున్నప్పుడు అసలుదాన్ని, అనుకరించేదాన్ని ఎలా గుర్తించాలి?

సమాధానం 1

రెక్కలను కాదు, పొట్టను చూడండి. రోజ్‌లకు ఒళ్లు ఎర్రగా, మార్మన్‌కు నల్లగా ఉంటుంది. అండమాన్‌లో తీసిన ఫోటోలైతే అక్కడిది స్టిఖియాయిడెస్ అనే వేరే ఉపజాతి అని గుర్తుంచుకోండి. నికోబార్‌కు కూడా ప్రత్యేకమైన ఉపజాతి ఉంది. మీరు నమోదు చేసేటప్పుడు మాత్రం "పాపిలియో పాలిటెస్ రొములస్, ఆడది, రొములస్ రూపం" అని పేరును రెండుసార్లూ రాయండి. అది పునరుక్తి కాదు.