అప్‌డేట్: షుగర్ ఫ్రీ వాడినా అమ్మకు టిఫిన్ తర్వాత షుగర్ పెరగడం – కారణం దొరికింది

కాఫీలో పంచదార మాని స్వీటెనర్ పొడి వేస్తున్నా, టిఫిన్ తిన్న రెండు గంటలకు అమ్మకు షుగర్ 240 దాటుతోందని, ఆ పొడి వల్లేనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది మాత్రం ఒక్కో పదార్థాన్ని విడిగా తిని గ్లూకోమీటరుతో చూడమన్న సలహా. స్వీటెనర్ వేసిన కాఫీ ఒక్కటే తాగితే అంకె పెద్దగా కదలలేదు. ఆ పొడిలోని తీపి పదార్థం సుక్రలోజ్ నిర్దోషి! ఎగబాకింది ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లకు, ఇన్‌స్టంట్ ఓట్స్‌కు.

డైటీషియన్ బిస్కెట్ ప్యాకెట్టు తిప్పి, వెనక చీమతలంత అక్షరాలను అమ్మచేతే చదివించారు. మొదటి పేరు మైదా, తర్వాత మాల్టిటాల్ (పంచదార బదులు వేసే తీపి పదార్థం), మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి). మాల్టిటాల్ పంచదార కన్నా నెమ్మదిగానైనా షుగర్ పెంచుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ దాదాపు గ్లూకోజంత వేగంగా రక్తంలో చేరుతుంది. ఇక ఓట్స్‌ను ముందే ఆవిరిపట్టి, పలచగా నొక్కి ముక్కలు చేస్తే త్వరగా అరిగిపోతాయి.

ఇప్పుడు టిఫిన్ పెసరట్టు, బెల్లం వేయని అల్లం పచ్చడి (దాని మీద ఇంట్లో రోజూ చర్చే). మందు మోతాదు మార్చలేదు, అంకె 160–170 మధ్య ఉంటోంది. బిస్కెట్లు ఆపాక కడుపుబ్బరం కూడా పోయింది. మాల్టిటాల్ కొందరికి అలా చేస్తుందట.

జవాబుల్లో కొందరు చెప్పిన గ్లూకోమీటరు స్ట్రిప్పుల గడువు, కాకరకాయ రసం మా విషయంలో సంబంధం లేనివే. స్వీటెనర్లు వద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సూచనను ఒకరు ప్రస్తావించారు. అది బరువు అదుపు కోసం వాడేవారి గురించి. అప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదని అందులోనే ఉంది.