అమ్మది దిగులా, మతిమరుపు జబ్బా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది ప్రొద్దుటూరు. నాయన పోయి రెండేళ్లు. అప్పట్నుంచి అమ్మ (68) మాటలు తగ్గించేసింది. ఈమధ్య సంగటికి ఎసరు పెట్టి మర్చిపోతోంది. మొన్న రాత్రి, 'మీ నాయన ఇంకా అంగడి నుంచి రాలేదేమి?' అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

డాక్టరు డిప్రెషన్‌కు మాత్రలు రాశారు. బి12, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. దిగులు ఏళ్ల తరబడి ఉంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి, మెదడులో జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం చిక్కిపోవచ్చని చదివాను. డిమెన్షియాయే (మతిమరుపు జబ్బే) మొదట దిగులుగా బయటపడొచ్చట కూడా. మరి అమ్మకు ఏది ముందు?

ఇంట్లో ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి: దిగులు తగ్గాక మతిమరుపు కూడా తగ్గిందా? ఎన్నాళ్లకు? ఎంఆర్ఐ ఇప్పుడే తీయించాలా? నాయన గురించి మళ్లీ అడిగితే ఏం చెప్పాల?