సొంతంగా కట్టుకున్న కంట్రోల్ ప్యానెల్‌లో కరెంటును ఎలా పంచుకోవాలి?

చీనీతోట, అనంతపురం:
అందరికీ నమస్కారం. మా చీనీ తోటకు డ్రిప్పు నీళ్లు వంతులవారీగా వదలడానికి, 24 వోల్టుల డీసీ సోలినాయిడ్ వాల్వులు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే నీటి వాల్వులు) ఆరింటిని నడిపే ప్యానెల్‌ను నేనే కట్టుకున్నాను. 230 వోల్టుల ఫేజునూ న్యూట్రల్‌నూ 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చు) నుంచి బోరు టైమరుకు, అక్కడి నుంచి 230 వోల్టుల ఏసీని 24 వోల్టుల డీసీగా మార్చే 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కు, చివరకు మందు కొట్టే మోటారు పెట్టే సాకెట్టుకు, స్క్రూ నుంచి స్క్రూకు లూపు చేస్తూ తీసుకెళ్లాను. నిన్న తలుపు తీసి చూస్తే టైమరు న్యూట్రల్ స్క్రూ నల్లబడి, తీగ తొడుగు అంగుళం మేర కరిగి ఉంది. అంతకుముందు ఒక వాల్వు తీగకు గడ్డపార తగిలి షార్టయినప్పుడు వాల్వులన్నీ, వాటిని నడిపే కంట్రోలరుతో సహా, ఆగిపోయాయి గానీ ఎంసీబీ పడలేదు. దీన్ని ఎలా తిరగకట్టాలి?

ప్యానెల్‌పని, కర్నూలు:
సోదరా, ముందు మెయిను ఆపి ఆ స్క్రూ విప్పి చూడండి. ఒకే స్క్రూ కింద ఒంటి తీగ, పోగుల తీగ రెండూ పెడితే బిగువంతా ఒంటి తీగ మీద పడి, పోగులు వదులుగా ఉండిపోతాయి. సాకెట్టులోని మోటారు కరెంటంతా ఆ వదులు జాగాలోంచే పోతుంది కాబట్టి అక్కడ వేడి పుడుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, అక్కడ న్యూట్రల్ తెగితే మోటారు ఆగినా, దాని న్యూట్రల్ తీగలోకి ఫేజు వచ్చి నిలబడుతుంది. అందుకని 35 మిల్లీమీటర్ల డిన్ రెయిలు (పరికరాలు తగిలించే లోహపు పట్టీ) మీద టెర్మినళ్లు (తీగలు బిగించే దిమ్మెలు) వరుసగా పెట్టి, ఫేజువి ఒక లింకుతో, న్యూట్రల్‌వి వేరే లింకుతో కలపండి. ప్రతి పరికరానికీ అక్కడి నుంచే విడి జత తీగలు వెళ్లాలి. పోగుల తీగ చివర పిన్ను లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే లోహపు తొడుగు) నొక్కాలి. సాకెట్టుకు వేరే ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

వైర్‌మన్, కడప:
ఎంసీబీ పడకపోవడానికి కారణం ఎస్‌ఎంపీఎస్సే. బయట షార్టయితే అది తన కరెంటును తానే పరిమితం చేసుకుని వోల్టేజీని దించేస్తుంది, కాబట్టి వెనక ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. 24 వోల్టుల ప్లస్సు దగ్గర ఆరు ఫ్యూజు టెర్మినళ్లు పెట్టి, వాల్వుకు ఒకటి చొప్పున 1 ఆంపియరు ఫాస్ట్ ఫ్యూజు వేయండి. కంట్రోలరు తీగ వాటితో కలవకుండా సొంత ఫ్యూజుతో వెళ్లాలి. తీగ ఎక్కడ సన్నబడుతుందో ఆ తీగను కాచే ఫ్యూజు అక్కడే ఉండాలి.

చీనీతోట, అనంతపురం:
విప్పి చూశాను. స్క్రూ కింద మూడు పోగులే నలిగి ఉన్నాయి, మిగతావి పక్కకు జారి కాలిపోయాయి. వాల్వు ఒక్కొక్కటి అర ఆంపియరు లోపే తీసుకుంటోంది. 24 వోల్టుల మైనస్సును కూడా న్యూట్రల్ లింకుకే కలపవచ్చా?

వైర్‌మన్, కడప:
కలపకూడదు. న్యూట్రల్ తెగిన రోజున 230 వోల్టులు వాల్వు తీగల వెంట తడి పొలంలోకి పోతాయి. మైనస్సుకు వేరే టెర్మినళ్ల వరుస పెట్టి, 230 వోల్టులవి, 24 వోల్టులవి, ఈ రెండు రకాల తీగలనూ విడివిడి డక్టుల్లో నడపండి.