ఫోన్‌లో తెలుగు వికీపీడియా: అడుగున ఉండే మూసలు కనబడేదెలా?

బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు పిల్లలకి ఫోన్‌లోనే తెలుగు వికీపీడియా చూపించాలి. యాప్ సెట్టింగుల్లో తెలుగు చేర్చి జాబితాలో పైకి లాగితే వెతుకులాట తెలుగులోనే మొదలవుతుంది, అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా బ్రౌజరులోనే. వ్యాసం అడుగున సంబంధిత వ్యాసాలను ఒకచోట చేర్చే మార్గదర్శక మూసలు (లింకుల పెట్టెలు) మొబైల్ రూపంలో రావు, లాగిన్ కాకపోతే వర్గాలూ (ఒకే విషయానికి చెందిన వ్యాసాల జాబితాలకు లింకులు) కనబడవు. డెస్క్‌టాప్ రూపానికి మారితే రెండూ వస్తాయి గానీ, అక్షరాలు చీమలంత అయిపోయి ఒత్తులు చదవలేం. పిల్లలకి అసలు కావలసినవే ఆ లింకులు!

మొబైల్ రూపంలోనే వాటిని చూపించే గాడ్జెట్ (వికీపీడియాకు తగిలించే చిన్న ప్రోగ్రామ్) గానీ, ఖాతా అభిరుచుల్లో (ప్రిఫరెన్సెస్) ఏదైనా అమరిక గానీ ఎవరైనా వాడుతున్నారా? లేదంటే "ఇవి కూడా చూడండి" విభాగంలో చేతితో లింకులు చేర్చడమే దారా? ఆ విభాగమూ ముడుచుకునే ఉంటుంది కదా, చదివేవాళ్ళు తెరుస్తున్నారా?