సుస్థిర పర్యాటకం దేశం పేరును నిలబెడుతుందా, ప్రచారంగానే మిగిలిపోతుందా?

నల్లకుంట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2025 మే నెలలో మన హైదరాబాద్ నగరంలో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు పోటీదారులను పోచంపల్లికీ, రామప్పకూ తీసుకువెళ్లి ఆ దృశ్యాలను ప్రపంచానికి చూపించారు. దీనివల్ల తెలంగాణకూ, దేశానికీ మంచి పేరు వస్తుందనీ, పేరు వెనుక పర్యాటకులు, వారి వెనుక పెట్టుబడులు వస్తాయనీ అప్పట్లో విరివిగా చెప్పుకొన్నారు. దానికి నెల రోజుల ముందే, ఏప్రిల్ మొదటి వారంలో, కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసిన వార్తను కూడా దేశమంతా చూసింది. ఒకే వేసవిలో ఒకే నగరం గురించి బయటివారికి రెండు చిత్రాలు అందాయి. వాటిలో ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో నాకు తేలడం లేదు.

పర్యాటక నిర్వహణ కోర్సులో సెమినార్ పత్రం రాయవలసి ఉంది. వచ్చిపోయేవారి వల్ల ఆ చోటి నీరు, అడవి, కట్టడాలు, అక్కడివారి జీవనం దెబ్బతినకుండా నడిచే సుస్థిర పర్యాటకం నిజంగానే ఒక దేశ ప్రతిష్ఠనూ, ఇతర దేశాలతో పోటీపడే శక్తినీ పెంచుతుందా? ప్రపంచ ఆర్థిక వేదిక పర్యాటక సూచీలో భారత్ 2021లో 54వ స్థానంలో ఉండి, 2024 నాటికి 39కి చేరిందని చదివాను. ఈ మెరుగుదలకు సుస్థిరతతో సంబంధం ఉందా? నినాదాలు కాకుండా ఉదాహరణలు చెప్పగలిగితే మేలు.

లెక్కల మాస్టారు

ముందుగా ఆ సూచీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే 54 నుంచి 39 అని రాస్తే మీ పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు. 2024 నివేదిక కోసం ప్రపంచ ఆర్థిక వేదిక తన గణన పద్ధతిని సవరించింది. సవరించిన పద్ధతిలో 2021 స్థానాన్ని తిరిగి లెక్కకడితే అది 38గా తేలింది. అంటే 119 దేశాల జాబితాలో మనం పదిహేను మెట్లు ఎక్కలేదు, ఒక మెట్టు దిగాం. 2019లో 140 దేశాల్లో మనకు 34వ స్థానం ఇచ్చినది అంతకు ముందున్న సూచీ కాబట్టి దాన్ని వీటితో పోల్చరాదు. ఇప్పటి సూచీలో ఐదు ప్రధాన విభాగాలు, 17 స్తంభాలు, 102 సూచికలు ఉన్నాయి. ఆ ఐదింటిలో సుస్థిరత ఒకటి. అడవులు, కోటలు, వంటకాలు ఎన్ని ఉన్నా, వాటిని చెడగొట్టుకుంటున్న దేశం ఆ మేరకు మార్కులు పోగొట్టుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. పోటీ సామర్థ్యం అనగానే చాలామంది ఎంతమంది వచ్చారన్న లెక్క దగ్గరే ఆగిపోతారు. వచ్చిన మనిషిని మరో రెండు రోజులు ఉంచగలగడం, కాస్త ఎక్కువ ధర చెల్లించడానికి ఒప్పించగలగడం, ఆ సొమ్ములో పెద్ద భాగం స్థానికుల చేతుల్లో మిగిలేలా చూడగలగడం, ఇదంతా ఇరవై ఏళ్ల తర్వాత కూడా చేయగలగడం అసలైన సామర్థ్యమని నేను పాఠం చెప్పేటప్పుడు అంటుంటాను. ఆ చివరి షరతు లేని చోట జరిగేది మూలధనాన్ని తింటూ లాభం వచ్చిందని పుస్తకాల్లో రాసుకోవడమే. పర్యాటక స్థలాలు కనుగొనబడి, పెరిగి, కిక్కిరిసి, స్తంభించి, ఆపై క్షీణించడమో తిరిగి లేవడమో జరుగుతుందని రిచర్డ్ బట్లర్ 1980లోనే ఒక నమూనా ఇచ్చాడు. మీ పత్రానికి అది మంచి పునాది అవుతుంది.

ఉదాహరణగా కోస్టారికాను తీసుకోండి. పశువుల మేతకోసం అడవులు నరికిన ఆ చిన్న దేశంలో 1980ల నాటికి అటవీ విస్తీర్ణం నేలలో నాలుగో వంతు స్థాయికి పడిపోయింది, ఇప్పుడు మళ్లీ సగం దాటింది. 1996 అటవీ చట్టం ద్వారా, అడవిని నిలుపుకొన్న భూయజమానులకు ప్రభుత్వం సొమ్ము చెల్లించే పద్ధతి వచ్చింది, దానికి ఇంధనం మీద పన్నులో కొంత భాగాన్ని కేటాయించారు. మరుసటి ఏడాది హోటళ్లకు సుస్థిరత ధ్రువీకరణ ప్రవేశపెట్టి, వాటి నడవడిని బట్టి ఆకుల గుర్తులతో ఐదు స్థాయిలు ఇచ్చారు. ప్రకటనల కన్నా ముందు చట్టమూ, చెల్లింపులూ వచ్చాయన్నది నేను ప్రత్యేకంగా ఎత్తిచూపదలచుకున్న విషయం. 2013లో ఆ దేశం తన జాతీయ బ్రాండును ప్రారంభించినప్పుడు దాన్ని పర్యాటకానికే పరిమితం చేయలేదు. సుస్థిరత ప్రమాణాలను అందుకున్న ఎగుమతిదారులకూ ఆ ముద్ర వాడుకునే అనుమతి ఇచ్చింది. అడవి చూడటానికి వచ్చిన మనిషికి కలిగిన నమ్మకం ఆ దేశపు ఇతర సరుకుల మీదికి కూడా పాకాలన్నదే అందులోని ఆలోచన. దేశ ప్రతిష్ఠ వాణిజ్య శక్తిగా మారడం అంటే నాకు అర్థమైనంతలో ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ న్యూజిలాండ్. నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమైన దేశమని 1999లో మొదలుపెట్టిన ప్రచారం ప్రపంచంలోనే పేరుపొందిన పర్యాటక ప్రచారాల్లో ఒకటి. పాడి పరిశ్రమ విస్తరించి నదుల నాణ్యత దెబ్బతిన్నప్పుడు విమర్శకులు ఆ నినాదాన్నే తిరిగి ప్రభుత్వం మీదికి విసిరారు. ఎంత పెద్ద మాట చెబితే అంత గట్టిగా నిలదీస్తారు. దేశాలను బ్రాండులుగా చూడవచ్చన్న భావనను 1990లలో వ్యాప్తిలోకి తెచ్చిన సైమన్ ఆన్‌హోల్ట్ కూడా, దేశం పేరు ప్రకటనలతో మారదనీ, అది చేసే పనులతోనే మారుతుందనీ ఆ తరువాత పదేపదే చెబుతూ వచ్చాడు. మన ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ 2002లో మొదలైంది. దాని చిత్రాలు అద్భుతమే, కాని ఆ చిత్రంలో కనిపించిన చోటికి వెళ్లే దారిలో ప్లాస్టిక్ గుట్టలు కనిపిస్తే విదేశీయుడు ఇంటికి వెళ్లి ఏం చెబుతాడో ఊహించడం కష్టం కాదు.

పడుగుపేక

మాది పోచంపల్లి. ఉద్యోగరీత్యా నగరంలో ఉంటున్నాను, ఊళ్లో అన్నయ్య ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. మాస్టారు గారు దేశాల లెక్క చెప్పారు కాబట్టి నేను ఒక ఊరి లెక్క చెబుతాను.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ ఏడాది భారత్ పంపిన మూడు ప్రతిపాదనల్లో మేఘాలయలోని కాంగ్‌థాంగ్, మధ్యప్రదేశ్‌లోని లాధ్‌పురా ఖాస్‌తో పాటు మాదీ ఒకటి. మా ఊరికి పేరు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు భూదానంగా ఇచ్చిన చోటు అది. మా ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఆ అవార్డు తర్వాత నగరం నుంచి బస్సులూ, కార్లూ పెరిగాయి. వచ్చినవారు మగ్గం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, అరగంటలో తిరుగు ప్రయాణమవుతారు. కొందరు వెళుతూ వెళుతూ రోడ్డు పక్క దుకాణంలో మిల్లులో అచ్చువేసిన బట్టను పోచంపల్లి చీర అనుకుని కొంటారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆసు పోసి, నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులద్ది, ఆరబెట్టి, విప్పి మళ్లీ కట్టి, ఆ తర్వాత గాని నేత మొదలుకాని చీర ధరకూ, అచ్చు బట్ట ధరకూ పోటీ ఎలా కుదురుతుంది?

కాబట్టి నా ఉద్దేశంలో సుస్థిరత అంటే చెట్లూ నీళ్లూ మాత్రమే కాదు, ఏ పనిని చూడటానికి జనం వస్తున్నారో ఆ పని చేసేవాడు దాన్ని కొనసాగించగలగాలి. కుమరకంలో 2008లో కేరళ పర్యాటక శాఖ బాధ్యతాయుత పర్యాటకాన్ని మొదలుపెట్టినప్పుడు హోటళ్లు తమకు కావలసిన కూరగాయలను కుటుంబశ్రీ మహిళా బృందాల నుంచీ, స్థానిక రైతుల నుంచీ కొనే ఏర్పాటు చేశారు. సందర్శకుడు తిన్న భోజనంలోనే ఊరి వాటా ఉండేలా చూశారు, అతను దయతలచి ఏదైనా కొంటాడేమోనని ఎదురుచూడలేదు. ఆ ప్రయోగం అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది, 2017లో రాష్ట్రమంతటికీ ఒక మిషన్‌గా విస్తరించింది. కేరళకు ఇవాళ ఉన్న పేరులో సముద్రం, బ్యాక్‌వాటర్స్‌తో పాటు ఇదీ ఉంది. మా ఊళ్లో కూడా సందర్శకుల బస్సు నడిపేవారు చేనేత గుర్తు ఉన్న దుకాణాల దగ్గరే ఆపాలనీ, మగ్గం చూపించిన ఇంటికి నిర్ణీత రుసుము చెల్లించాలనీ ఒక నియమం పెడితే అవార్డుకు అర్థం ఉంటుంది. లేకపోతే మా పిల్లలు మగ్గం దిగిపోతారు, అప్పుడు చూపించడానికి మ్యూజియం ఒక్కటే మిగులుతుంది.

కాచిగూడ ప్యాసింజర్

ఇవన్నీ వినడానికి బాగున్నాయి గాని ఒక చేదు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ప్రపంచ హరితగృహ వాయువుల్లో సుమారు 8 శాతం పర్యాటకం వల్లనే వస్తున్నాయని 2018లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో అచ్చయిన అధ్యయనం లెక్కగట్టింది. పదివేల కిలోమీటర్లు విమానంలో ఎగిరివచ్చి వెదురు స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగితే అది సుస్థిరం ఎలా అవుతుంది? రెండోది, ఈ పేరుతో చివరికి ధరలే పెరుగుతాయి. భూటాన్ 2022 సెప్టెంబరులో విదేశీయులకు రాత్రికి 65 డాలర్లుగా ఉన్న సుస్థిరాభివృద్ధి రుసుమును 200 డాలర్లు చేసింది. ఏడాది తిరగకముందే జనం రావడం లేదని సగానికి తగ్గించుకోవలసి వచ్చింది. డబ్బున్నవాడికే ప్రకృతి అనడం న్యాయమేనా? దేశానికి పేరు వస్తుందేమో, సామాన్యుడికి దారి మూసుకుపోతుంది.

గోల్కొండ దారి

కాచిగూడ ప్యాసింజర్ గారు విమానాల గురించి చెప్పినది కాదనలేను. అందుకే దేశంలోని మనవాళ్ల ప్రయాణాలకూ, రైలులో చేరుకోగల చోట్లకూ పర్యాటక విధానంలో పెద్దపీట వేయాలంటాను. భూటాన్ విషయంలో మాత్రం సగమే చెప్పారు. ఆ దేశానికి 2019లో వచ్చిన మూడు లక్షలకు పైగా సందర్శకుల్లో అత్యధికులు మన ఉపఖండంవారే, ముఖ్యంగా భారతీయులు. వారికి 2020 వరకు ఈ రుసుమే లేదు, ఆ తర్వాత కూడా రాత్రికి 1,200 రూపాయలే. తక్కువమంది, ఎక్కువ విలువ అని లోకానికి చాటుకున్న దేశంలోకి సరిహద్దు దాటి కార్లు బారులు తీరడం వల్ల ఆ మాటకే ముప్పు వచ్చింది. పొరుగువాడికి తక్కువ ధర పెట్టినా అసలంటూ ఒక ధర పెట్టడం అందుకే అవసరమైంది. అక్కడి రాజ్యాంగం దేశంలో 60 శాతం నేల ఎప్పటికీ అడవిగా ఉండాలని ఆదేశిస్తోంది. అటువంటి హామీని అమలు చేయడానికి డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి.

ధర పెంచడం ఒక్కటే మార్గం కాదు. సంఖ్యకు హద్దు పెట్టవచ్చు. థాయిలాండ్‌లోని మాయా బే ఒక హాలీవుడ్ చిత్రం వల్ల ప్రసిద్ధికెక్కి, రోజుకు వేలమంది దిగి పగడపు దిబ్బలను నాశనం చేయడంతో 2018 జూన్‌లో దాన్ని మూసివేశారు. 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు పడవలు ఎదురుగా రాకుండా వెనుక వైపు ఆగేలా రేవు కట్టారు, ఒక విడతలో ఎంతమంది ఉండవచ్చో పరిమితి పెట్టారు. సొరచేపలు తిరిగి వచ్చాయి. మూసివేసినప్పుడు వ్యాపారులు గగ్గోలు పెట్టారు, కాని ఆ నిర్ణయమే ఇవాళ ఆ దేశానికి మంచి పేరు తెచ్చిపెడుతోంది. మన దగ్గర 2018 వేసవిలో సిమ్లాలో నీళ్లు లేక, దయచేసి మా ఊరికి రావద్దని అక్కడివారే పర్యాటకులను వేడుకున్నారు. ఒక పర్యాటక స్థలానికి అంతకన్నా ఎదురు ప్రచారం ఉంటుందా? ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఈ-పాస్ తప్పనిసరి చేయడం వెనుక ఉన్న భయం అదే.

నేను కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరా, కోటలోనూ సందర్శకులకు దారి చూపే పని చేస్తాను కాబట్టి మన నగరం నుంచి ఒక మాట. సమాధుల ప్రాంగణంలోని పెద్ద బావోలి, అంటే మెట్ల బావి, 2013 వర్షాలకు ఒకవైపు కూలిపోయింది. అదే ఏడాది అక్కడ పని ప్రారంభించిన ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు దాన్ని సున్నం, రాయితో పాత పద్ధతిలోనే తిరిగి కట్టింది. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. ఆ బావోలి ఇప్పుడు వాననీటిని పట్టి ఉంచుతోంది. విదేశీయులు మిగతా గుమ్మటాల దగ్గర ఫొటో తీసుకుని కదులుతారు, ఆ బావోలి దగ్గర మాత్రం ప్రశ్నలు అడుగుతారు, కూర్చుంటారు. మరో గంట ఉంటే మరో పూట భోజనం ఇక్కడే చేస్తారన్నది నా వృత్తిలోని మొరటు లెక్క.

నల్లకుంట వాసి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, ఇవన్నీ చూశాక ఒక సందేహం మిగిలింది. పేరు వచ్చిందా లేదా అన్నది పత్రంలో ఎలా కొలవాలి? సందర్శకుల సంఖ్య సరిపోదని మీరే అన్నారు కదా.

లెక్కల మాస్టారు

మూడు కొలతలు వాడండి: సగటు బస, తలసరి ఖర్చు, ఆ ఖర్చులో స్థానికులకు దక్కే వాటా. మొదటి రెండూ ప్రభుత్వ గణాంకాల్లో దొరుకుతాయి. మూడోదానికి పడుగుపేక గారి ఊరికే వెళ్లి పది ఇళ్లలో అడిగి రాసుకోవడం మేలు, అదే మీ పత్రంలో విలువైన భాగం అవుతుంది. భూటాన్‌ను కూడా వదలకండి. ప్యాసింజర్ గారు చెప్పిన ఆ తగ్గింపు శాశ్వతం కాదు, 2027 ఆగస్టు వరకే అమల్లో ఉంటుంది. రుసుము 200గా ఉన్న ఏడాదినీ, 100గా ఉన్న ఏళ్లనూ పక్కపక్కన పెట్టి, వచ్చిన జనంతో పాటు ఖజానాకు చేరిన సొమ్మును కూడా పోల్చి చూస్తే, ఆయన వాదనలో ఎంత నిజముందో అంకెల్లో తెలుస్తుంది.